తవేఉని దీవిని అర్థం చేసుకోవాలంటే: వాన పటం, భూమి పటం

ఫిజీ దేశంలోని తవేఉని దీవి గురించి మీరు నాలుగు సంగతులు అడిగారు. నలభై కిలోమీటర్ల పొడవున్న దీవిలో ఒక ఒడ్డంతా ఊళ్ళు ఉంటే రెండో ఒడ్డు దాదాపు ఖాళీగా ఎందుకుంది? అంత చిన్న చోట అన్ని రకాల జనం ఎలా కలిశారు? వాళ్ళలో మన తెలుగువాళ్ళు ఉన్నారా? అక్కడి అగ్నిపర్వతం మళ్ళీ లేస్తుందా? సెమినార్ కోసం అన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

నేను చదివింది నేలల శాస్త్రం. ఉద్యోగరీత్యా ఫిజీలో చాలా ఏళ్ళు ఉన్నాను. తవేఉని చేమ పొలాల పని మీద ఆ దీవికి తరచూ వెళ్ళేవాణ్ణి. పేర్లను అక్కడివాళ్ళు పలికినట్టే రాస్తున్నాను. ఫిజీ భాషకు ఇంగ్లీషు లిపి వాడే పద్ధతి వేరు కాబట్టి పటంలో స్పెల్లింగు మీకు కాస్త భిన్నంగా కనిపిస్తుంది.

నా ఉద్దేశంలో తవేఉని అర్థం కావాలంటే రెండు పటాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. మొదటిది వాన పటం, రెండోది భూమి ఎవరిదో చూపే పటం. చాలా వ్యాసాలు మొదటిదాంతోనే ఆగిపోతాయి. అందుకే అక్కడి జనం గురించి చెప్పేటప్పుడు "వివిధ జాతులు సామరస్యంగా జీవిస్తున్నాయి" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ దాని నుంచి మనకు తెలిసేదేమీ లేదు.

ముందు కొండ సంగతి. ఫిజీలో వితిలేవు, వనువాలేవు తర్వాత మూడో పెద్ద దీవి తవేఉని. విస్తీర్ణం సుమారు 435 చదరపు కిలోమీటర్లు. పొడవు 42 కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల పది పన్నెండుకు మించదు. ఈశాన్యం నుంచి నైరుతికి దీవి పొడవునా ఒకే వెన్ను సాగుతుంది. ఆ వెన్ను మీద ఎత్తైన శిఖరం ఉలుయ్‌ంగలౌ, 1,241 మీటర్లు. ఫిజీ మొత్తంలో దీనికంటే ఎత్తైనది వితిలేవులోని తోమనివి ఒక్కటే. పక్కనే 1,195 మీటర్ల డెవూ శిఖరం ఉంది. దానికి బ్రిటిష్ గవర్నరు పేరు పెట్టారు, ఇప్పుడు అక్కడ ప్రసార టవర్లు నిలబడి ఉన్నాయి.

ఈ దీవి ఒకే ఒక్క శిఖరం ఉన్న అగ్నిపర్వతం కాదు. బోర్లించిన డాలులా విస్తరించిన బసాల్ట్ గుట్ట ఇది. వెన్ను వెంబడి ఉన్న పగుళ్ళలోంచి వేర్వేరు కాలాల్లో లావా, బూడిద ఎగదన్నుకొచ్చాయి. ఫలితంగా చిన్న చిన్న శంకువులు దాదాపు నూట యాభై దాకా ఏర్పడ్డాయి. విమానం దీవి ఉత్తర కొసనున్న మతేయి రన్‌వే వైపు దిగుతున్నప్పుడు పచ్చటి గడ్డి కప్పుకున్న గుండ్రటి దిబ్బలు కనిపిస్తాయి. అవన్నీ ఒకప్పుడు నిప్పులు కక్కిన నోళ్ళే. వెన్ను మీద సుమారు 800 మీటర్ల ఎత్తున పాత బిలంలో తాంగిమౌదియా సరస్సు ఉంది. ఆ చుట్టుపక్కల అడవిలో పూసే ఎరుపు, తెలుపు కలిసిన పూగుత్తికి కూడా అదే పేరు. ఫిజీవాళ్ళకు ఆ పువ్వంటే ప్రాణం. ఇల్లు విడిచి కొండెక్కి ఏడ్చిన అమ్మాయి కన్నీళ్ళే ఆ పువ్వులయ్యాయని కథ చెబుతారు. ఏడాది చివర్లో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పూస్తుంది.

ఇక వాన. ఏడాదిలో ఎక్కువ భాగం ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. వెన్ను ఈశాన్య–నైరుతి దిశలో ఉండటంతో ఆ గాలికి అడ్డుగోడలా నిలుస్తుంది. తూర్పు వాలు మీద గాలి పైకెక్కి చల్లబడి అక్కడే కుమ్మరిస్తుంది. తూర్పు ఎత్తుల్లో ఏడాదికి పది మీటర్ల దాకా వాన పడుతుందని చెబుతారు. అంటే పదివేల మిల్లీమీటర్లు! పడమటి ఒడ్డుకు వచ్చేసరికి ఆ మేఘాలు చాలా మటుకు ఖాళీ అయి ఉంటాయి. అక్కడా వాన బాగానే ఉంటుంది, కానీ మనిషి పంట ఎండబెట్టుకోగలిగినంత. కొబ్బరి ఎండాలన్నా, పడవ ఒడ్డుకు రావాలన్నా పడమరే అనుకూలం. పడమటి వైపు వనువాలేవుకూ తవేఉనికీ మధ్య ఉన్న సొమొసొమొ జలసంధి గాలిచాటున ఉంటుంది. తూర్పు సముద్రం అలా ఉండదు. ఆగ్నేయంలో రవిలేవు తీరమంతా నిలువు రాతిగోడ, కొన్ని జలపాతాలు ఏకంగా సముద్రంలోకే దూకుతాయి. అక్కడ రోడ్డు లేదు. దీవి చుట్టూ రోడ్డు పూర్తికాలేదు కూడా. ఉత్తరం నుంచి చుట్టి వచ్చిన దారి లవేనా ఊరి దగ్గర ఆగిపోతుంది. దక్షిణం నుంచి వచ్చేది కొంత దూరం వెళ్ళి ఆగుతుంది. మధ్యలో ఉన్నది అడవి, కొండచరియ, సముద్రం.

అయితే వానకూ నీటి వసతికీ తేడా ఉంది. విద్యార్థులు దీన్ని తప్పకుండా గమనించాలి. దక్షిణ కొసన వూనా ప్రాంతంలో లావా చాలా కొత్తది. నీరు పడీ పడగానే రాతి సందుల్లోంచి కిందికి జారిపోతుంది. పారే వాగులు దాదాపు లేవు. అంత వాన కురిసే దీవిలో ఆ ఊళ్ళవాళ్ళు కప్పు మీది నీళ్ళను ట్యాంకుల్లో పట్టుకుని జాగ్రత్తగా వాడుకుంటారు. అదే మధ్య భాగంలో, సొమొసొమొ, వైయేవో, వైరికి దగ్గర నేల కాస్త ముదిరింది కాబట్టి వాగులు పారతాయి. సొమొసొమొ వాగు మీద చైనా సాయంతో కట్టిన చిన్న జలవిద్యుత్ కేంద్రం 2017లో మొదలైంది. అప్పటిదాకా చాలా ఇళ్ళకు డీజిల్ జనరేటర్లే దిక్కు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇదే: గాలిచాటు, వాగు నీళ్ళు, పడవ ఆగే ఒడ్డు, ఈ మూడూ కలిసింది పడమర మధ్య భాగంలోనే. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రి వైయేవోలో ఉన్నాయి. పెద్ద దొర (ఇక్కడ దొర అంటే ఫిజీ వంశాల అధిపతి) ఊరు సొమొసొమొ, దాన్ని ఆనుకునే నంగర బజారు. కొంచెం దక్షిణాన వైరికి కేథలిక్ మిషన్. అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపే. మిగతా సగం జవాబు భూమిది.

ఫిజీ ఆదివాసులను ఇప్పుడు అధికారికంగా ఇతౌకేయి అంటారు. భూమి వ్యక్తిది కాదు, మతాంగలి అనే వంశ సమూహానిది. దాన్ని అమ్మడానికి వీల్లేదు. 1874 అక్టోబరు 10న దేశం బ్రిటన్ చేతికి వెళ్ళాక ఫిజీలోనే ఉండి పాలించిన మొదటి గవర్నరు ఆర్థర్ గోర్డన్ ఈ కట్టుబాటును చట్టంగా నిలబెట్టాడు. వలస పాలన గురించి ఎన్ని అన్నా, ఈ ఒక్క నిర్ణయం ఫిజీవాళ్ళను తమ నేల మీదే నిలబెట్టింది. ఇప్పటికీ దేశంలో ఎనభై ఐదు శాతానికి పైగా భూమి మతాంగలులదే. ఇతౌకేయి ల్యాండ్ ట్రస్ట్ బోర్డు దాన్ని లీజులకిస్తుంది.

కానీ గోర్డన్ వచ్చేసరికే తవేఉనిలో కొంత భూమి చేతులు మారిపోయింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర ఆకాశానికెక్కింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ నుంచి తెల్లవాళ్ళు వచ్చి దొరల దగ్గర భూములు కొన్నారు. తవేఉని పడమటి ఒడ్డు, దక్షిణ కొస వాళ్ళకు బాగా నచ్చాయి. బూడిద నేల, తేలిగ్గా దున్నుకోవచ్చు, ఓడ దగ్గరకొస్తుంది. యుద్ధం అయిపోయి పత్తి ధర కూలిపోయాక చెరకు, కాఫీ ప్రయత్నించి చివరికి కొబ్బరి దగ్గర స్థిరపడ్డారు. అలా కొన్న భూముల్లో న్యాయమైనవని బ్రిటిష్ పాలన వేసిన భూముల కమిషన్ ఒప్పుకున్నవి ఫ్రీహోల్డ్‌గా మిగిలాయి. ఫ్రీహోల్డ్ అంటే కొనచ్చు, అమ్మచ్చు. దేశం మొత్తంలో అలాంటి భూమి పదిశాతం లోపే. తవేఉనిలో మాత్రం ఎక్కువ, అదీ మంచి భూమి. ఇప్పుడు విదేశీయుల విశ్రాంతి ఇళ్ళు, రిసార్టులు మతేయి చుట్టూ, సోంగులు దగ్గరా ఎందుకు గుమిగూడాయో ఈ పటం చూస్తే ఒక్క క్షణంలో తెలుస్తుంది. అవన్నీ పాత కొబ్బరి ఎస్టేట్లను ముక్కలు చేసి అమ్మినవే.

భూమి చేతులు మారడం వెనక రాజకీయం కూడా ఉంది. సొమొసొమొ దొరను తుయ్ దకౌ అంటారు. దకౌండ్రోవె అనే పెద్ద ప్రాంతానికి ఆయనే అధిపతి. ఆయన మాట వనువాలేవు తూర్పు భాగంలోనూ చెల్లుతుంది. 1839లోనే వెస్లియన్ మిషనరీలు హంట్, లిత్ సొమొసొమొలో అడుగుపెట్టారు. కొన్నేళ్ళు అవస్థపడి, దొర మనసు మారక వెళ్ళిపోయారు. 19వ శతాబ్దం మధ్యలో టోంగా రాకుమారుడు మాఆఫు తూర్పు ఫిజీ అంతా తన కిందికి తెచ్చుకుంటూ వచ్చాడు. 1862లో అతని సేనాని వైనింగొలో దండును వైరికి దగ్గర తుయ్ దకౌ గోలెయా ఓడించాడు. తవేఉని చరిత్రలో ఇది పెద్ద మలుపు. 1874లో ఫిజీని బ్రిటన్‌కు అప్పగించిన పత్రం మీద సంతకం పెట్టిన దొరల్లో ఆ గోలెయా కూడా ఒకడు. వైరికిలో 1907లో కట్టిన రాతి చర్చి ఇప్పటికీ ఉంది. యుద్ధంలో ఫ్రెంచి ఫాదరు ఫిజీ వీరులకు సలహా ఇచ్చాడనీ, ఆ కృతజ్ఞతే చర్చిగా నిలిచిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. లోపల భక్తులు చాపల మీద కూర్చుంటారు. ఆదివారం ఆ నాలుగు స్వరాల పాట వినడానికైనా ఒకసారి వెళ్ళాలి.

ఆ యుద్ధానికి మూల్యం చెల్లించినవాళ్ళు పక్క దీవుల జనం. తవేఉనికి ఈశాన్యంగా ఉన్న లౌదాలా దీవివాళ్ళు టోంగా పక్షం వహించారని తుయ్ దకౌ ఆ దీవిని తెల్లవాళ్ళకు అమ్మేశాడు. ఆ లౌదాలావాసుల వారసులు ఇప్పుడు పక్కనున్న గమేయా దీవిలో ఉంటున్నారు. లౌదాలాను 1972లో అమెరికా పత్రికాధిపతి మాల్కమ్ ఫోర్బ్స్ కొన్నాడు. ఆయన తర్వాత రెడ్‌బుల్ పానీయం సంస్థ సహ వ్యవస్థాపకుడు డీట్రిచ్ మాటెషిట్జ్ చేతికి వచ్చింది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన విడిదుల్లో అదొకటి. ఆ విడిది గురించి రాసే పర్యాటక వ్యాసాలు, అక్కడినుంచి తరలిపోయిన వంశాల మాట ఒక్క ముక్కైనా చెబితే బాగుంటుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రాంబి దీవి కథ ఇంకా పెద్దది. రాంబి కూడా అగ్నిపర్వత దీవే, తవేఉనికి వాయవ్యంగా ఉంటుంది. అక్కడి మూలవాసులు తుయ్ దకౌ మీద తిరగబడి ఓడిపోయారు. దీవి మాఆఫు చేతికీ, అక్కడినుంచి తెల్లవాళ్ళకూ పోయింది. ఆ మూలవాసుల వారసులు తవేఉనిలోనే లొవొనివొను ఊళ్ళో ఉన్నారు. దీవి చివరికి లీవర్ కంపెనీ కొబ్బరి తోట అయింది. ఇక్కడ కథలోకి వేల కిలోమీటర్ల అవతలి బనబా దీవి వస్తుంది. ఇప్పటి కిరిబాటి దేశంలో ఉన్న బనబాలో 1900 నుంచి ఫాస్ఫేటు తవ్వడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పచ్చికబయళ్ళకు ఎరువు కోసం ఆ చిన్న దీవి పైపొరనంతా గీకేశారు. తవ్వకం 1979 దాకా ఆగలేదు. 1942లో బ్రిటిష్ అధికారులు బనబావాసుల సొంత ఫాస్ఫేటు సొమ్ముతోనే రాంబిని కొన్నారు. యుద్ధంలో జపాన్ సైన్యం బనబావాసులను చెల్లాచెదురు చేసింది. యుద్ధం ముగిశాక వాళ్ళను సొంత దీవికి తీసుకెళ్ళలేదు. ఓడెక్కించి 1945 డిసెంబరు 15న రాంబిలో దింపారు. తుఫాన్ల కాలం, ఉండటానికి డేరాలు, తినడానికి రెండు నెలల సరుకు. సమతల దీవిలో, కరువుకు అలవాటుపడి చేపలు పట్టుకుని బతికిన జనం వానా బురదా కొండా ఉన్న చోట పడ్డారు. వాళ్ళు రాంబిలో కట్టుకున్న నాలుగు ఊళ్ళకు బనబాలోని నాలుగు ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు: తబ్వేవా, ఉమా, తబియాంగ్, బుఆకొనికాయ్.

రాంబికీ తవేఉనికీ నడుమ కియోవా అనే ఇంకో దీవి ఉంది. తువాలు దేశంలోని వైతుపువాళ్ళు తమ దీవిలో మనుషులు పెరిగి నేల చాలదేమోనన్న ముందుచూపుతో దాన్ని 1946లో 3,000 పౌండ్లకు కొన్నారు. 1947లో మొదటి కుటుంబాలు వచ్చాయి. బనబావాసుల్ని తెచ్చి పడేశారు, కియోవావాళ్ళు కొనుక్కుని వచ్చారు. ఈ తేడా రెండు దీవుల మనుషులతో మాట్లాడినప్పుడు మీకు ఇప్పటికీ తగులుతుంది. ఈ ఇద్దరికీ ఫిజీ పౌరసత్వం పూర్తిగా దక్కింది మాత్రం 2005లోనే. సముద్రమట్టం పెరిగితే దీవులు దీవులే తరలాల్సి వస్తుందని ఇప్పుడు అందరూ చర్చిస్తున్నారు. ఆ చర్చ చేసేవాళ్ళు ముందు రాంబి, కియోవాల చరిత్ర చదవాలి. జనం తరలిపోతే ఏం పోతుంది, ఏం మిగులుతుంది అన్నది అక్కడ ఎనభై ఏళ్ళుగా కళ్ళముందే ఉంది.

ఇప్పుడు మన సంగతి. తోటల్లో మొదట పనిచేసినవాళ్ళు సాలమన్ దీవులు, ఇప్పటి వనువాతు నుంచి తెచ్చిన కూలీలు. 1864 నుంచి వాళ్ళను తెచ్చేవారు. వాళ్ళ వెనకే భారతీయులు వచ్చారు. 1879లో లియోనిడాస్ ఓడతో మొదలై 1916 దాకా అరవై వేల మందికి పైగా గిర్మిట్ ఒప్పందం మీద ఫిజీకి వచ్చారు. గిర్మిట్ అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే వచ్చేవి. 1903 నుంచి మద్రాసు ఓడలు మొదలయ్యాయి. సుమారు పదిహేను వేల మంది ఆ రేవు నుంచి వచ్చారు. వాళ్ళలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవాళ్ళు గణనీయంగా ఉన్నారు. అంటే తెలుగువాళ్ళు ఉన్నారు, కచ్చితంగా.

కానీ తవేఉనిలో తెలుగు పేట అంటూ చెప్పుకోదగ్గది నాకెక్కడా కనిపించలేదు. దీనికీ భూగోళమే కారణం. తవేఉనిలో చెరకు మిల్లు ఉండేది, ఆగ్నేయాన సాలియలేవులో. అయితే ఆ వాన చెరకుకు అతి ఎక్కువ. చెరకు ముదిరి తీపెక్కాలంటే ఎండాకాలం కావాలి. ఆ మిల్లు 1896లో మూతపడింది. మద్రాసు ఓడలు మొదలయ్యేసరికి ఫిజీ చెరకు చాలా మటుకు వితిలేవు, వనువాలేవు దీవుల పొడి వైపుకు చేరింది. మద్రాసు నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సహజంగానే నాందీ, బా, రాకిరాకి, లంబాసా వైపు వెళ్ళారు. దక్షిణ భారతీయుల సంస్థ సంగం 1926లో నాందీలో సాధు కుప్పుస్వామి చొరవతో పుట్టింది. అందులో తమిళానికే పెద్దపీట పడుతోందని భావించిన తెలుగువాళ్ళు 1941లో రాకిరాకిలో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఆ సంస్థ ఇప్పటికీ బడులు నడుపుతోంది. మీకు ఫిజీ తెలుగు మీద ఆసక్తి ఉంటే రాకిరాకి, బా వైపు వెతకండి, తవేఉనిలో కాదు.

తవేఉనిలోని భారతీయులు ముఖ్యంగా నంగర బజారులో దుకాణాలు, బస్సులు, టాక్సీలు నడుపుతూ, లీజు భూముల్లో సాగు చేస్తూ కనిపిస్తారు. వాళ్ళు మాట్లాడేది ఫిజీ హిందీ. భోజ్‌పురి, అవధి పునాది మీద కూలీ లైన్లలో, అంటే తోటల్లో కూలీలుండే వరస గదుల్లో, పుట్టిన భాష అది. దక్షిణాది వారసులు కూడా అదే మాట్లాడతారు. తాతల ఊరి పేరు, ఇంటి పేరు, కొన్ని వంటలు, మారియమ్మ గుడి ఉత్సవంలో నిప్పుల మీద నడవడం, ఇవి మిగిలాయి. భాష పోయిందని మనం బాధపడటం సహజమే. కానీ ఒకే లైనులో తెలుగు, తమిళ, మలయాళ, భోజ్‌పురి మనుషులు ఐదేళ్ళు కలిసి బతకాలంటే ఒక ఉమ్మడి భాష పుట్టక తప్పదు. వాళ్ళు దాన్ని తమ భాషగా చేసుకున్నారు, దాన్ని గౌరవించాలి. చాలామంది భారతీయులు ఫిజీ భాష కూడా ధారాళంగా మాట్లాడతారు.

భూమి పటంలో వీళ్ళ చోటు చూడండి. మతాంగలి భూమి వీళ్ళకు లీజుకే దొరుకుతుంది. 1976 చట్టం ప్రకారం వ్యవసాయ లీజు కనీసం ముప్ఫై ఏళ్ళు. ఆ చట్టానికి ముందే మొదలైన పాత లీజులు 1997 నుంచి వరసగా గడువు తీరుతూ వచ్చాయి, చాలా కుటుంబాలకు పొడిగింపు దొరకలేదు. 1987, 2000 సంవత్సరాల తిరుగుబాట్లు కూడా తోడై దేశమంతటా భారతీయులు పట్టణాలకూ, విదేశాలకూ కదిలారు. దీన్ని ఒక పక్షం తప్పుగా చూపడం తేలిక. ఫిజీ రైతుకు తన తాతల నేల తిరిగి కావాలి, భారతీయ రైతుకు తన తండ్రి చదును చేసిన పొలం కావాలి. రెండూ న్యాయమైన కోరికలే. మీ సెమినార్‌లో ఈ విషయం వచ్చినప్పుడు ఇద్దరి వాదనా చెప్పండి.

నా వృత్తి విషయం కాబట్టి చేమ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఫిజీవాళ్ళు దాన్ని దాలో అంటారు. మన చేమదుంపకు పెద్దన్న, ఒక్కో దుంప కిలో, రెండు కిలోలు తూగుతుంది. 1993లో సమోవా దేశంలో చేమ ఆకుమచ్చ తెగులు వచ్చి అక్కడి ఎగుమతి మొత్తం కుప్పకూలింది. న్యూజీలాండ్, ఆస్ట్రేలియాల్లో ఉన్న సమోవావాళ్ళకు దుంప కావాలి. ఆ ఖాళీని తవేఉని నింపింది. గులాబి ఛాయ ఉన్న తౌసాలా రకం దుంప, కొత్త అగ్నిపర్వత నేల, వితిలేవులో ఉన్న చేమ పెంకుపురుగు ఇక్కడ లేకపోవడం, మూడూ కలిసొచ్చాయి. కొబ్బరి ధర పడిపోయి దిగాలుపడ్డ దీవికి డబ్బు చేరింది. రేకుల ఇళ్ళు సిమెంటు ఇళ్ళయ్యాయి.

ఆ తర్వాత నేల అలిసిపోయింది. ఇలాంటి కొత్త బూడిద నేల చూడ్డానికి నల్లగా, గుల్లగా, ఎంతో సారవంతంగా కనిపిస్తుంది. కానీ ఇందులోని అల్లోఫేన్ అనే ఖనిజం భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, మొక్కకు వదలదు. మొదటి రెండు మూడు పంటలు పండేది అడవి ఇచ్చిపోయిన సేంద్రియ పదార్థం వల్ల. అది అయిపోగానే దిగుబడి పడుతుంది. రైతు ఏం చేస్తాడు? ఇంకొంచెం పైకి వెళ్ళి ఇంకొంత అడవి నరుకుతాడు. పొలాలు ఏటేటా కొండ మీదికి పాకాయి. ఎరువు గుప్పించినా ఫలితం తక్కువ. బాగా పనిచేసింది ఆరు నెలలు పొలాన్ని ఆపి మ్యూకునా తీగ పెంచడం. మ్యూకునా అంటే మన దూలగొండి జాతే, అయితే ఇక్కడ వాడే రకానికి ఆ దురద ఉండదు. అది నేలంతా దుప్పటిలా కప్పి, కలుపును చంపి, నత్రజనిని నేలకిస్తుంది. తీగను కోసి అక్కడే పరిచి అందులోనే చేమ నాటుతారు. తేయితేయి తవేఉని అనే రైతుల సంఘం దీన్ని ఊరూరా చెప్పింది. ఇబ్బంది ఎక్కడంటే, లీజు గడువు దగ్గరపడ్డ రైతు ఆరు నెలలు పొలాన్ని ఖాళీగా ఉంచలేడు. నేల ఆరోగ్యం కూడా చివరికి భూమి హక్కు దగ్గరికే వచ్చి ఆగింది.

ఇప్పుడు చాలామంది యాంగోనా వైపు మళ్ళారు. నీళ్ళలో కలుపుకుని తాగే ఆ వేరు పంటకు నాలుగైదేళ్ళు కావాలి. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఫిజీని చీల్చాక దాని ధర విపరీతంగా పెరిగింది. తవేఉని అప్పటికే 2010లో తోమస్ తుఫాను దెబ్బ తిని ఉంది. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, చేమ ఏడాదిలోపే చేతికొస్తుంది. తుఫాన్ల దీవిలో పంట ఎంపికకు అది పెద్ద కారణం.

తూర్పు ఒడ్డు మరీ ఖాళీ అనుకోవద్దు. అక్కడ బౌమా ప్రాంతంలో నాలుగు ఊళ్ళున్నాయి: వైతంబు, విదవా, కొరోవౌ, లవేనా. కలప కంపెనీలు అడవి కోసం వచ్చినప్పుడు ఆ వంశాలు ఒప్పుకోలేదు. న్యూజీలాండ్ సాయం అడిగి 1990లో బౌమా వారసత్వ పార్కు పెట్టుకున్నాయి. జలపాతాలు, అడవి దారులు, తీరపు నడక, దేనికైనా రుసుము ఆయా ఊళ్ళకే వెళ్తుంది. వైతంబువాళ్ళు 1998లో తమ పగడపు దిబ్బలో ఒక భాగాన్ని వేటకు పూర్తిగా మూసేశారు. భూమి వంశానిది కావడం వల్లే ఊరంతా కూర్చుని ఆ నిర్ణయం తీసుకోగలిగింది. పడమటి ఫ్రీహోల్డ్ ఒడ్డున ఇది జరిగేది కాదు. ఇంకో అదృష్టం ఏమిటంటే, 1883లో చెరకు తోటల్లో ఎలుకల కోసం వితిలేవుకు తెచ్చిన ముంగిస తవేఉనికి చేరలేదు. అందుకే నేల మీద గూడు కట్టే పక్షులు ఇక్కడ బతికున్నాయి. నారింజ రంగు పావురాన్ని అడవిలో చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు.

తేదీ మారే రేఖకు ఆధారమైన 180 డిగ్రీల రేఖాంశం గురించి ఒక్క మాట. ఆ రేఖ వైయేవో దగ్గర దీవిని దాటుతుంది, అక్కడ బోర్డు ఉంది. దీవిలో రెండు తేదీలు నడుస్తాయని కొన్ని వ్యాసాలు రాస్తాయి. అది సరికాదు. 1879 చట్టంతోనే ఫిజీ అంతా ఒకే తేదీ పాటిస్తోంది, తేదీ రేఖను ఫిజీకి తూర్పుగా జరిపారు.

చివరిది అగ్నిపర్వతం. అవును, అది నిద్రపోతోంది, చావలేదు. న్యూజీలాండ్ శాస్త్రవేత్తలు క్రోనిన్, నీల్ 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం గత పదివేల ఏళ్ళలో యాభైకి పైగా విస్ఫోటాలు జరిగాయి. చివరిది 1550 ప్రాంతంలో దక్షిణ కొసన. క్రీ.శ. 300–500 మధ్య జరిగిన పెద్ద విస్ఫోటంతో దక్షిణ భాగాన్ని జనం వదిలిపెట్టి, సుమారు 1100 దాకా తిరిగి రాలేదని తవ్వకాలు చెబుతున్నాయి. మళ్ళీ లేస్తే ఒకే నోటి నుంచి రాదు, వెన్ను మీద ఎక్కడైనా కొత్త పగులు తెరుచుకోవచ్చు. దక్షిణాన అవకాశం ఎక్కువ. లావా మెల్లగా పారే రకం కాబట్టి మనుషులు తప్పించుకోవడానికి సమయం ఉంటుంది, కానీ పడమటి ఒడ్డున ఉన్నది ఒకే రోడ్డు. లావా దాన్ని ఒక్కచోట కోస్తే దక్షిణ ఊళ్ళకు పడవే దారి. మీ పటంలో శంకువులతో పాటు ఆ రోడ్డునూ, పడవ ఆగే చోట్లనూ తప్పకుండా గుర్తించండి.